సండే రోస్ట్‌కి పల్లెటూరి పబ్బుకు రమ్మన్నారు, బీఫ్ తినను, మందు తాగను. ఏం చేయాలి?

డెర్బీకి కొత్త:
అందరికీ నమస్కారం. విజయవాడ నుంచి ఇంగ్లండ్‌లోని డెర్బీకి వచ్చి ఐదు వారాలైంది. వచ్చే ఆదివారం మా మేనేజర్ టీమ్ మొత్తాన్నీ పీక్ డిస్ట్రిక్ట్ అనే కొండప్రాంతంలో ఒక పల్లెటూరి పబ్బుకు భోజనానికి పిలిచాడు. ముందు కొండ ఎక్కాలట, తర్వాత రోస్ట్ అట. నేను చికెన్ తింటాను, బీఫ్, పోర్క్ ముట్టను. మందు అలవాటు లేదు. నాకు తెలిసిన పబ్ జూబ్లీహిల్స్‌లో డీజే మోతలతో ఉండేదే. వెళ్ళకపోతే బాగుండదు, వెళ్తే ఆకలితో తిరిగొస్తానేమోనని టెన్షన్. కాస్త చెప్పండి.

షెఫీల్డ్ అన్న:
తమ్ముడూ, ముందు ఆ జూబ్లీహిల్స్‌ని బుర్రలోంచి తీసేయి. ఇక్కడ పల్లెటూరి పబ్ అంటే మన రచ్చబండకి పైకప్పు వేసి, పక్కన వంటగది కట్టినట్టు ఉంటుంది. ముసలాళ్ళు, పిల్లలు, బురద బూట్లు, బల్లల కింద నిద్రపోయే కుక్కలు. కుక్కలంటే భయమైతే అవి రాని గది ఉందేమో అడుగు, కొన్నిచోట్ల ఉంటుంది.

అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, పబ్ అక్షరాలా అంతే. చాలా చోట్ల నీ బల్ల దగ్గరకు ఎవరూ రారు. బల్ల మీద నంబర్ చూసుకుని, బార్ దగ్గరకెళ్ళి ఆర్డర్ చెప్పాలి, తరచుగా డబ్బు కూడా అక్కడే కట్టాలి. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు ఇరవై నిమిషాలు మెనూ పట్టుకుని బొమ్మల్లా కూర్చున్నాం. మన రంగు చూసి పట్టించుకోవట్లేదేమో అని మా ఆవిడ గొణిగింది కూడా. చివరికి పక్క బల్ల పెద్దావిడ జాలిపడి సంగతి చెప్పింది. బార్ దగ్గర క్యూ కంటికి కనపడదు గానీ ఉంటుంది. ఎవరి తర్వాత ఎవరో అందరికీ గుర్తే. చెయ్యి ఊపడం, కార్డు ఆడించడం వద్దు. "యూ ఆల్‌రైట్?" అంటే నీ ఆరోగ్యం గురించి కాదు, ఏం కావాలని.

ఇక తిండి. రోస్ట్ అంటే మాంసం ముక్కలు, ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపలు, క్యారెట్, క్యాబేజీ, యార్క్‌షైర్ పుడ్డింగ్, పైన గ్రేవీ, అంటే మామూలుగా మాంసం రసంతో చేసే చిక్కటి పులుసు. పుడ్డింగ్ అన్నారని తీపి అనుకోకు. మైదా, గుడ్లు, పాలు కలిపిన జారు పిండిని కాగే కొవ్వులో పోసి పొంగిస్తారు. ఆ కొవ్వు చాలాచోట్ల ఆవు కొవ్వే, వీళ్ళు బీఫ్ డ్రిప్పింగ్ అంటారు. దుంపలు కూడా అందులోనే కాలుస్తారు. గ్రేవీ అయితే ఒకే గిన్నెలోది అందరి ప్లేట్లలోనూ పోసేసే వాళ్ళున్నారు. అంటే చికెన్ రోస్ట్ అని చెప్పినంత మాత్రాన పని అయిపోదు.

ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడతారు. చట్టప్రకారం 14 అలర్జీ పదార్థాల గురించి వాళ్ళు చెప్పి తీరాలి. పాలు, గుడ్డు, చేప, నువ్వులు, ఆవాలు అన్నీ అందులో ఉన్నాయి. బీఫ్ లేదు! "ఏమైనా అలర్జీలున్నాయా" అని వాళ్ళడుగుతారు, లేవని నువ్వంటావు, కథ కంచికి. అందుకని విడిగా అడుగు. దుంపలు ఏ కొవ్వులో కాల్చారు, గ్రేవీ దేనితో చేశారు అని. శుక్రవారమే ఫోన్ చేస్తే ఇంకా మంచిది. ఆదివారం మధ్యాహ్నం వంటగదిలో ఊపిరాడదు వాళ్ళకి.

లెస్టర్ అక్క:
అన్నయ్యగారు చెప్పింది నిజం. నేను పూర్తి శాకాహారిని. ఒకచోట కూరగాయల సూప్ సగం తాగాక చికెన్ స్టాక్‌తో, అంటే కోడి ఉడికించిన నీళ్ళతో చేశామన్నారు. అప్పటినుంచి పేరు చూడను, మెనూలో పక్కన శాకాహారమని చెప్పే 'వి' అక్షరం చూస్తాను, అయినా అడుగుతాను. అసలు పర్మేజాన్ చీజ్ దూడ కడుపులోంచి తీసిన, పాలు విరిచే రెన్నెట్‌తో చేస్తారు, అదీ శాకాహారం కాదు. చిప్స్ (ఇక్కడ ఫ్రెంచ్ ఫ్రైస్‌లాంటి వాటిని అలా అంటారు) కూడా చేపలు వేయించిన నూనెలోనే వేస్తారేమో కనుక్కో. మాంసం బదులు జీడిపప్పులాంటి గింజలతో చేసే నట్ రోస్ట్ ఉంటే తీసుకో. కొన్నిచోట్ల అద్భుతం, కొన్నిచోట్ల రంపపు పొట్టు.

తెల్లగా చిన్న గిన్నెలో ఒకటి పెడతారు బాబూ, కొబ్బరి పచ్చడి అనుకుని స్పూన్ నిండా నోట్లో పెట్టుకున్నాను. హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరుతో చేసిన పచ్చడి! ముక్కులోంచి మాడు దాకా పోయింది. గుంటూరు కారం తిన్నదాన్ని, పక్కింటి వాళ్ళ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

ఇంకొకటి. తినడం మొదలుపెట్టిన రెండు నిమిషాలకు వచ్చి అంతా బాగుందా అని అడుగుతారు. మనం నోటినిండా నవ్వుతో "లవ్లీ, థాంక్యూ" అంటాం. ఒకసారి 'పై' (లోపల కూరి కాల్చే పేస్ట్రీ) మధ్యలో చల్లగా ఉంది. నలుగురం లవ్లీ అన్నాం, కారెక్కాక ఇంటిదాకా తిట్టుకున్నాం, మా వారు రాత్రి కూర్చుని ఒక్క స్టార్ ఇచ్చి బారెడు రివ్యూ రాశారు. "అప్పుడే చెప్పి ఉంటే మార్చి ఇచ్చేవాళ్ళం కదా" అని కింద వాళ్ళ జవాబు. సిగ్గేసి తీసేశాం. చల్లారిందనో ఉడకలేదనో మెల్లగా చెబితే చాలు, మారు మాట్లాడకుండా తీసుకెళ్తారు.

ఎడిన్‌బరో నుంచి:
తాగేవాటి సంగతి నేను చెబుతా. ఇక్కడ సైడర్ అంటే ఆపిల్ జ్యూస్ కాదు, మందే. లెమనేడ్ అంటే మన నిమ్మరసం కాదు, గ్యాస్ కొట్టే సోడా. షాండీలో బీర్ ఉంటుంది. లైమ్ అండ్ సోడా అడుగు, చవక, ఎవరూ వింతగా చూడరు. కుళాయి నీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలి, అది రూల్.

రౌండ్ పద్ధతి తెలుసుకో. ఒకడు అందరికీ కొంటాడు, తర్వాత ఇంకొకడు. నువ్వు సోడాయే తాగినా ఒక రౌండ్ నీది. ఇష్టం లేకపోతే మొదట్లోనే నాది నేను కొనుక్కుంటానని చెప్పు. మూడు గ్లాసులు తాగి నాలుగోసారి ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాణ్ణి మాత్రం ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు.

ఎప్పుడైనా బీర్ రుచి చూస్తే, చేతిపంపుతో లాగే ఏల్ అనే బీర్ ఐస్‌లా ఉండదు, సెల్లార్ (నేలమాళిగ) చల్లదనం 11 నుంచి 13 డిగ్రీలు. వెచ్చగా ఉందని గొడవపడకు. పుల్లగా వెనిగర్ వాసనొస్తే మాత్రం తిరిగిచ్చెయ్. కారు నడిపేవాళ్ళు అసలు తాగకపోవడమే నయం. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఇంగ్లండ్ పరిమితి 80 మిల్లీగ్రాములు, మా స్కాట్లండ్‌లో 2014 డిసెంబర్ నుంచి 50, మన దేశంలో 30.

షెఫీల్డ్ అన్న:
ఒకటి మర్చిపోయా. వంటగది రోజంతా ఉండదు. మధ్యాహ్నం మూడింటికి కొండ దిగి వెళ్ళి, మన ఊళ్ళో దొరికేలాంటి ఆలూ చిప్స్ ప్యాకెట్లతో కడుపు నింపుకున్న చరిత్ర మాది. బార్ దగ్గర టిప్ అక్కర్లేదు, బిల్లులో సర్వీస్ ఛార్జ్ వేశారేమో మాత్రం చూసుకో.

డెర్బీకి కొత్త:
వెళ్ళొచ్చానండీ! శుక్రవారం ఫోన్ చేశాను. ఎత్తినావిడ చెఫ్‌నే పిలిచి మాట్లాడించింది. నా దుంపలు సన్‌ఫ్లవర్ నూనెలో విడిగా చేశారు. యార్క్‌షైర్ పుడ్డింగ్ వద్దంటే మేనేజర్ నా వంతు కూడా లాగించాడు. శాకాహార గ్రేవీ చప్పగా ఉంది, ఇంగ్లిష్ మస్టర్డ్ కలిపాకే ముద్ద దిగింది. రౌండ్ కొన్నాను, ఏడు గ్లాసులు ట్రేలో మోసేసరికి చేతులు వణికాయి. అక్కా, హార్స్‌రాడిష్ గిన్నె దూరంగా జరిపేశాను. వచ్చే నెల అక్కడే క్విజ్ ఉందట, క్రికెట్ ప్రశ్నలన్నీ నావేనట.