ఇంజనీర్స్ డే మోడల్: నీళ్లు నిండాక గేటు ఇరుక్కుపోతోంది, సాయం చేయండి

సెప్టెంబర్ 15న మా యూనివర్సిటీకి హైస్కూల్ పిల్లలు వస్తున్నారు. శాలువాలు, ఉపన్యాసాలు ఎలాగూ ఉంటాయి, వాళ్లకి గుర్తుండేలా ఏదైనా చూపిద్దామని సివిల్ వాళ్లం విశ్వేశ్వరయ్య గారు 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో డ్యాముకి పెట్టించిన ఆటోమేటిక్ గేట్ల ఐడియాతో చిన్న మోడల్ చేస్తున్నాం.

అక్రిలిక్ ట్యాంకు, 12 సెం.మీ. వెడల్పు 10 సెం.మీ. ఎత్తున్న గేటు, రెండు పక్కలా అల్యూమినియం గాడి, నీళ్లు కారకుండా గేటుకి గాడికి మధ్య రబ్బరు. నీళ్లు 18 సెం.మీ. దాటగానే పైపులోంచి అవతలి డబ్బాలో పడతాయి, ఆ బరువుకి కప్పీ మీది తాడు గేటుని పైకి లాగాలి. డబ్బా అడుగున చిల్లు ఉంది, అది ఖాళీ అయితే గేటు దిగాలి.

ఖాళీ ట్యాంకులో చక్కగా లేస్తోంది. నిండాక మాత్రం కదలదు. లెక్కేస్తే నీళ్లు గేటుని గాడికేసి దాదాపు కిలోన్నర బరువుతో నొక్కుతున్నాయి. సిలికాన్ గ్రీజు రాశాం, తేడా లేదు. రబ్బరు తీసేస్తే పక్కలనుంచి ఎంత కారుతోందంటే నీళ్లు 18 దాకా రావడమే లేదు. రెండు లీటర్ల డబ్బా కడితే కాసేపు బిగుసుకుని ఉండి ఒక్కసారిగా ఎగిరి పైన ఇరుక్కుంటోంది, డబ్బా ఖాళీ అయినా దిగదు, చేత్తో నొక్కాల్సిందే (ఇంకేం ఆటోమేటిక్!).

మోటారు, సెన్సారు పెట్టమని అందరూ అంటున్నారు, కరెంటు లేకుండా పనిచేయడమే దీని అందం కాబట్టి అవి వద్దు.

ఇంత చిన్న గేటుకి, గాడికి మధ్య రబ్బరు బదులు ఏం పెడితే నీళ్లు పెద్దగా కారకుండా గేటు తేలిగ్గా జారుతుంది?