సమస్య: పదవ మాసమ్ము పండ్రెండవదిగ మారె

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పాదం. లాటిన్‌లో 'డెకెం' అంటే పది. ఆ మాటతో పుట్టిన డిసెంబరు పన్నెండో నెల ఎలా అయిందో మీ పూరణల్లో తేల్చండి. ముందే చెబుతున్నాను, 'పదవ–వదిగ' యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) సరైనదే. ప, వ ఒక జట్టులోవే.

విజయనగరం మాస్టారు:

మార్చి మొదలుగ రోమున మాస గణన
జనవరియు ఫిబ్రవరి ముందు జరిగి నిలువ
పేరు పదియైన వరుసలో వెనుక కరిగి
పదవ మాసమ్ము పండ్రెండవదిగ మారె

నిర్వాహకుడు: మాస్టారూ, వంక పెట్టడానికి లేదు. తొలి రాజు రోములస్ కాలంలో పది నెలలేననీ, తర్వాత నూమా రాజు రెండు చేర్చాడనీ రోమనులు చెప్పుకునేవారు. జనవరికి పేరిచ్చిన జానస్ ద్వారాల దేవుడు, ఆయనకు రెండు ముఖాలు. ఫిబ్రవరికి మూలం 'ఫెబ్రువా' అనే శుద్ధి కర్మలు. రోము ప్రధాన పాలకులైన కాన్సుల్స్ జనవరి 1న పదవి చేపట్టడం, అంటే వారి పాలనా సంవత్సరం జనవరితో మొదలవడం మాత్రం క్రీ.పూ. 153లో మొదలైంది.

డల్లాస్ తమ్ముడు:

జూలియస్ సీజరొక్కటి జొనిపె మధ్య
ఆ పిదప నగస్టసొకటి యందె చేర్చె
రెండు నెలలట్లు పెరిగెను దాన జూడ
పదవ మాసమ్ము పండ్రెండవదిగ మారె

నిర్వాహకుడు: తమ్ముడూ, ధార బాగుంది. మూడో పాదంలో 'రె'కు 'దా' యతి చెల్లదు, పైగా 'దాన జూడ' ఉత్త కిట్టింపు. 'లెక్క తప్పి' అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ వస్తుంది. కానీ అసలు తప్పు ఛందస్సులో లేదు. సీజరు గానీ అగస్టసు గానీ కొత్త నెల చేర్చలేదు. మార్చి నుంచి ఐదోదైన 'క్వింటిలిస్' క్రీ.పూ. 44లో జూలై అయింది, సీజరు పుట్టిన నెల అది. ఆరోదైన 'సెక్స్‌టిలిస్' క్రీ.పూ. 8లో ఆగస్టు అయింది. మారింది పేర్లే, నెలల సంఖ్య కాదు. ఈ పొరపాటు చాలామంది నోట విన్నాను, నేనూ ఒకప్పుడు అలాగే చెప్పేవాణ్ణి.

డల్లాస్ తమ్ముడు: ధన్యవాదాలు గురువుగారూ. నాకు బళ్లో అలాగే చెప్పారు మరి! సవరించిన పూరణ:

ఐదు నారును కొత్త పేరందె గాని
నాల్గు నెలలకు పాతవే నామములుగ
ఏడు మొదలుగ పది దాక యిట్లె మిగుల
పదవ మాసమ్ము పండ్రెండవదిగ మారె

విజయనగరం మాస్టారు: మొదటి పాదంలో ఐ–రం యతి ఎలాగండీ?

నిర్వాహకుడు: 'పేరు + అందె' అని విడదీయండి, అచ్చుకు అచ్చు సరిపోతుంది. నాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చింది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు, నాలుగింటి గోడూ ఒకటేనని చెప్పేశాడు.

నల్లగొండ తాతయ్య:

సప్త సెప్టెమ్ము, దశ డెకెం సాటి యనుచు
నేను నేర్పింప మనుమడు నిలిచి యడిగె
తాత, చెప్పుము పది యెట్లు దాటె రెండు?
పదవ మాసమ్ము పండ్రెండవదిగ మారె!

నిర్వాహకుడు: తాతయ్యగారూ, నవ్వు వచ్చింది. సంస్కృతమూ లాటినూ ఒకే కుటుంబపు భాషలు కాబట్టి ఆ 'సాటి' పట్టు గట్టిదే. 'నిలిచి' యతి కోసం వచ్చినట్టుంది. పాఠం ఆపించి మరీ అడిగాడన్న అర్థంలో 'నిలిపి' అంటే?

నల్లగొండ తాతయ్య: 'నిలిపి'యే ఖాయం. నిజంగా అదే చేశాడు. మన నెలల గురించి అడిగితే పున్నమినాటి చంద్రుడు చిత్తలో ఉంటే చైత్రం, విశాఖలో ఉంటే వైశాఖం అని చెప్పి తప్పించుకున్నాను. వెంటనే అధికమాసం ఎందుకన్నాడు.

నిర్వాహకుడు: రోమనులకూ ఆ తిప్పలు ఉన్నాయని చెప్పండి. అధికమాసం వేయాల్సిన పూజారులు సరిగ్గా వేయక కాలం గాడి తప్పితే, సీజరు క్రీ.పూ. 46వ సంవత్సరాన్ని 445 రోజులకు సాగదీయాల్సి వచ్చింది.

నల్లగొండ తాతయ్య: అయ్యో, అది చెబితే ఆ ఏడు పుట్టినరోజు ఎప్పుడొచ్చిందంటాడు!