తెల్ల వాచీ డయల్‌కు పాత రంగు తెప్పించడం ఎలా?

ప్రశ్న: కొత్త తెల్ల మ్యాట్ డయల్ పాతబడ్డట్టు లేత గోధుమ రంగుకు రావాలి. టీ డికాక్షన్ పనిచేస్తుందా?

జవాబు 1: లక్కర్ (వార్నిష్ లాంటి) పూత ఉంటే టీ పట్టదండీ. మ్యాట్ పెయింటయితే పట్టొచ్చు. ముళ్లు తీసి, డయల్‌ను మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం) నుంచి విడదీయండి. చిక్కటి డికాక్షన్ వడగట్టి, చల్లారాక మెత్తటి బ్రష్‌తో పల్చగా పూయండి, ముంచకండి. ఆరాకే రెండో పూత. దట్టంగా పూస్తే ద్రవం అంచులకు చేరి నల్లటి వలయం కడుతుంది.

జవాబు 2: ఆ వలయమే నకిలీ అని పట్టిస్తుంది! లూమ్ (చీకట్లో వెలిగే పూత) మీద టీ వద్దు, తడికి ఊడిరావచ్చు. లూమ్ పొడిలో చిటికెడు గోధుమ పిగ్మెంట్ కలిపి కొత్తగా పెట్టండి. రంగు ఎక్కువైతే వెలుగు తగ్గుతుంది.

జవాబు 3: నిజంగా పాత డయలైతే ముట్టుకోకండి. 1970లకు ముందువాటి లూమ్‌లో రేడియం అనే రేడియోధార్మిక పదార్థం ఉండొచ్చు, గీకితే ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.