కోట బయటి వీధికి క్రీడాభిరామంలో ఉన్న మాట: వెలివాడా, వెలిపాళెమా?

తెనాలి పాఠకుడు: బ్రిటన్‌లో హేడ్రియన్ గోడకు దక్షిణాన ఉన్న రోమన్ కోట విండోలాండా మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. పడమటి ద్వారం దాటగానే రాళ్లు పరిచిన వీధి, పక్కనే మురుగుకాలవ, రెండువైపులా వీధి వైపు సన్నగా, వెనక్కి పొడుగ్గా సాగిన ఇళ్ల పునాదులు. సైన్యం లోపల, ఈ ఇళ్లవాళ్లు బయట. ఆ పేటని రోమన్లు వికుస్ అన్నారు. ఓరుగల్లు కోట బయటి పేటకి క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో ఒక మాట ఉంది, వెలి... అని మొదలవుతుంది, నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. వెలివాడేనా?

గుంటూరు మాస్టారు: కాదండీ. వెలివాడ అని ఇవాళ ఏ చోటుని అంటామో తెలిసిందే. వీళ్లని ఎవరూ వెలెయ్యలేదు, వల్కన్ దేవుడికి బలిపీఠం చెక్కించి దానిమీద ‘వికాని విండోలాండెస్సెస్’ అని, అంటే ఫలానా పేటవాళ్లమని, దర్జాగా వేయించుకున్నారు. మీకు కావలసింది వెలిపాలెం.

లష్కర్ అమ్మాయి: ళ అండీ, పాళెం. దండు విడిసిన చోటు. పాళెగాడు వచ్చింది అందులోంచే. ల పెడితే ఉత్త శివారు పల్లె అయిపోతుంది.

గుంటూరు మాస్టారు: రాసినవాడి చేతిని బట్టి అర్థం తేల్చకండి. ఆ బలిపీఠం మీద కూడా ‘ఎన్సెస్’ ఉండాల్సిన చోట ‘ఎస్సెస్’ ఉంది, నోటితో ఎలా పలికారో అలాగే చెక్కారు. అర్థం మారిందా?

లష్కర్ అమ్మాయి: న పోతే మారలేదు సార్. కల, కళ ఒకటేనా మరి? అయినా పాత పుస్తకాలు తిరగెయ్యడం దేనికి, మా సికింద్రాబాదులో రెజిమెంటల్ బజార్ ఉండగా! దండు పక్కన పుట్టిన అంగడివీధి, అచ్చం వికుసే. మావాళ్లకి బీరు అయిపోయింది, పంపించండి అని మస్క్లుస్ అనే దళనాయకుడు రాసిన చెక్కపలక కూడా ఆ విండోలాండాలోనే దొరికింది. అలాంటి గిరాకీ ఉన్నచోట బజారు పుట్టక ఏం చేస్తుంది?

పదాలపిచ్చి: వికుస్‌కి చుట్టం సంస్కృతంలోనే ఉంది, ‘వేశ’. ఇల్లు, నివాసం. వేశ్య, వేశవాటి (వేశ్యల వీధి) అందులోంచే. క్రీడాభిరామంలో స్నేహితులు మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లంతా తిరిగింది ఎందుకనుకున్నారు? శ్రీనాథుడు ఊరికే...

కడప కవి: ఆగండాగండి. క్రీడాభిరామం వినుకొండ వల్లభరాయుడిది.

పదాలపిచ్చి: పేరు ఆయనది, పద్యం నడక శ్రీనాథుడిది. చెవి ఉన్నవాడికి ఒక్క సీసం చాలు.

కడప కవి: చెవితో కర్తృత్వం తేలుతుందా? బాగున్న సీసమల్లా శ్రీనాథుడికే రాసిచ్చేస్తే మిగతావాళ్లకి ఆటవెలదులే మిగుల్తాయి. పైగా దానికి మూలం రావిపాటి త్రిపురాంతకుడి ప్రేమాభిరామం, ఆ సంస్కృత గ్రంథం ఇప్పుడు లేనే లేదు. ఏ పోకడ ఎవరిదో ఎలా చెబుతారు?

తెనాలి పాఠకుడు: అయ్యా, నా వీధి సంగతి?

కడప కవి: వీధి కాదు, వీథి. థ. దశరూపకాల్లో, అంటే పది రకాల నాటకాల్లో ఒకటి. క్రీడాభిరామం వీథే.

తెనాలి పాఠకుడు: నాది రాళ్లు పరిచిన వీధండీ!

గుంటూరు మాస్టారు: దానికీ థ-యే. పాలెం మాత్రం ల.