మూడు భాషల పుస్తకానికి స్పెల్‌చెక్ ఎట్ల పెట్టాల?

గాంధీరోడ్డు డీటీపీ:
అన్నా, తిరుపతిలో మాది డీటీపీ షాపు. ఇన్‌డిజైన్‌లో (పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్) గుడి చరిత్ర పుస్తకం చేస్తా ఉండా. తెలుగు మ్యాటర్, మధ్యమధ్యలో తమిళ పాశురాలు, ఆఖర్న ఇంగ్లీషు. స్పెల్‌చెక్ ఆన్ చేస్తే పేజీ నిండా ఎర్ర గీతలే. పని ఇచ్చిన పార్టీ రేపే ప్రూఫ్ ఇమ్మంటా ఉండాడు.

చిత్తూరు ప్రూఫ్‌రీడర్:
ఫాంటు మారిస్తే భాష మారదు తమ్ముడూ. క్యారెక్టర్ ప్యానెల్లో లాంగ్వేజ్ అని ఉంటాది, స్పెల్‌చెక్ దాన్నే నమ్ముతాది. ముక్కముక్కా సెలెక్ట్ చేస్తా కూర్చుంటే తెల్లారిపోతాది. తెలుగుకొకటి, ఇంగ్లీషుకొకటి పేరాగ్రాఫ్ స్టైల్ (పేరా మొత్తానికీ ఒకేసారి పట్టే సెట్టింగు) చేసి, అడ్వాన్స్‌డ్ క్యారెక్టర్ ఫార్మాట్స్‌లో భాష పెట్టు. లైను మధ్యలో వచ్చే తమిళానికి క్యారెక్టర్ స్టైల్, అది ఎంచుకున్న మాటలకే పడతాది. పాశురాలకు మాత్రం ‘నో లాంగ్వేజ్’ పెట్టెయ్, వాటి జోలికే పోదు. ఆ పాత తమిళం డిక్షనరీకి యాడ తెలుస్తాది!

గాంధీరోడ్డు డీటీపీ:
పెట్టినా. ఇంగ్లీషు, తమిళం సరిపోయినాయి. తెలుగులో కొన్ని పేజీలు ఇంకా ఎర్రగానే ఉండాయి.

చిత్తూరు ప్రూఫ్‌రీడర్:
అవి అనూ అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టినవై ఉంటాయి. పైకి తెలుగే గానీ లోపలుండేది ఇంగ్లీషు గుర్తులు. కంప్యూటరు తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. మార్చినాక వత్తులు కంటితో చూసుకో. ‘కొండకెళ్లినప్పుడల్లా’ లాంటి కలిపి రాసిన మాటలకు అప్పుడూ గీత పడొచ్చు. మళ్లీమళ్లీ వచ్చేవాటిని యూజర్ డిక్షనరీలో చేర్చుకో, మిగతావి వదిలెయ్.

పీలేరు కుర్రోడు:
లిబ్రెఆఫీసులో (వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) అయితే భాష సెట్టింగుల్లో తెలుగు, తమిళం రెండూ కాంప్లెక్స్ టెక్స్ట్ అనే ఒకే గడిలోకి వస్తాయి. అక్కడా తమిళానికి వేరే స్టైల్ చేయాల్సిందే బ్రో.