‘ప్రాతినిధ్యం లేనిదే...’ ఆ ‘దే’ ఉందా, లేదా?

చెరువుగట్టు: మా అమ్మాయికి అమెరికా విప్లవం పాఠం చెబుతుంటే, బ్రిటన్ వేసిన పన్నుల మీద అక్కడి వలసల వాళ్ళ నినాదం దగ్గర ఆగిపోయాను. ‘ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు’ అనా, ‘ప్రాతినిధ్యం లేకుండా పన్ను లేదు’ అనా? మా సోషల్ మాస్టారు బల్ల మీద డస్టరుతో కొట్టి మరీ చెప్పించేవారు. ‘దే’ దగ్గర దెబ్బ పడేదని గుర్తు. మొదటి బెంచీ కాబట్టి సుద్దపొడి నా మొహాన పడేది, అదీ గుర్తే. మాట మాత్రం గట్టిగా చెప్పలేను.

అరసున్న: ముందు ‘ధ్య’ రాసినందుకు దండం. పేపర్లలో సగం మంది ‘ప్రాతినిథ్యం’ అంటున్నారు. ప్రతి‘నిధి’ నుంచి వచ్చిన మాటకి థకారం ఎక్కడిది? ఇక మీ ప్రశ్నకి: ‘లేనిదే’. అందులో సందేహం లేదు.

లంకపొగాకు: సందేహం ఉందండీ. ‘చెయ్యి తడపనిదే ఫైలు కదలదు’ అంటే తడిపితే కదులుతుందనే కదా. ‘ప్రాతినిధ్యం లేనిదే’ అంటే పార్లమెంటులో నాలుగు సీట్లు పడేయండి, కట్టేస్తాం అన్నట్టుంది. వాళ్ళు అడిగింది అది కాదు. 1765 అక్టోబరులో తొమ్మిది వలసల వాళ్ళు న్యూయార్కులో కూడి, బ్రిటిష్ పార్లమెంటు వాళ్ళ కాగితాల మీద పన్ను వేసిన స్టాంపు చట్టం మీద తీర్మానాలు చేశారు. ఆ పార్లమెంటులోని కామన్స్ సభలో మాకు ప్రాతినిధ్యం లేదు, మేమున్న చోటుని బట్టి ఉండటం కుదరదు కూడా అని అందులోనే రాసుకున్నారు. సీటు మాట లేదు. మా మీద పన్ను వేస్తే మా సభలే వేయాలి అన్నారు.

అరసున్న: ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అంటాం. నిప్పిస్తే పొగ ఇస్తామని బేరమా అది?

లంకపొగాకు: ‘రాదు’ వేరు, ‘లేదు’ వేరు.

అరసున్న: ఎలా వేరో చెబితే విని తరిస్తాం.

వసపిట్ట: మీరిద్దరూ ‘దే’ పట్టుకుని వేలాడుతున్నారు గానీ అసలు పేచీ ‘పన్ను’ దగ్గరుంది. మనకి పన్ను ఉంది, సుంకం ఉంది. సరుకు రేవు దాటేటప్పుడు కట్టేది సుంకం. ఇంట్లో కూర్చున్నవాడి నెత్తిన పడేది పన్ను. స్టాంపు చట్టం రెండో రకం. కోర్టు కాగితాలు, పత్రికలు, పేకముక్కలు, పాచికలు, చివరికి పంచాంగాలు కూడా స్టాంపు కాగితం మీదే ఉండాలన్నారు. ఉగాది పంచాంగానికి స్టాంపు అడిగితే మన ఊళ్ళో ఎలా ఉంటుందో ఊహించుకోండి! 1766లో వలసల తరఫున లండన్లో ఉన్న ఫ్రాంక్లిన్‌ని కామన్స్ సభ పిలిచి ప్రశ్నలు వేస్తే ఆయన ఈ తేడానే చెప్పాడు: మావాళ్ళ అభ్యంతరం లోపలి పన్ను మీద, రేవు సుంకం మీద కాదు అని. ఆ మాట పట్టుకునే బ్రిటిష్ ఆర్థికమంత్రి టౌన్‌షెండ్ 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద సుంకం వేశాడు. సుంకమే కదా, మీరు ఒప్పుకున్నదే కదా అని.

లంకపొగాకు: దానికి పెన్సిల్వేనియా లాయరు డికిన్సన్ జవాబిచ్చాడుగా. వ్యాపారాన్ని అదుపు చేయడానికైతే సుంకం, ఖజానా నింపుకోవడానికైతే ఏ పేరు పెట్టినా అది పన్నే అని. కాబట్టి మాస్టారు చెప్పిన ‘పన్ను’ కరెక్టే.

నెలవంక: ‘పన్ను’ అంటే దంతం కూడా కదా. రెండూ పీకేటప్పుడే తెలుస్తాయి. నా ఉద్దేశంలో ‘వల పన్నడం’లోని పన్నే ఇదీ.

అరసున్న: దంతానికి బహువచనం పళ్ళు, దీనికి పన్నులు. రెంటినీ కలపకండి. వల సంగతి మీ ఊహ, మీ దగ్గరే ఉంచుకోండి. శుల్కం సుంకమైంది, అదొక్కటే ఇక్కడ తేలిన విషయం.

చలిమంట: బోస్టన్ దగ్గర ఉంటాను. 1773 డిసెంబరు 16న టీ పారబోసే ముందు జనం కూడిన ఓల్డ్ సౌత్ మీటింగ్ హౌస్ ఇప్పటికీ ఉంది, ఎర్ర ఇటుకల కట్టడం. మా చుట్టాలు ఇండియా నుంచి వస్తే తీసుకెళ్తాను. టీ ధర పెరిగిందని గొడవ చేశారా అని అందరూ అడుగుతారు. తగ్గింది! గోదాముల్లో మూలుగుతున్న సరుకు ఈస్టిండియా కంపెనీ నేరుగా అమ్ముకోవచ్చన్నారు, దొంగరవాణా టీ కన్నా చవకగా. పౌనుకి మూడు పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంచారు. చవక టీ తాగితే ఆ మూడు పెన్నీల హక్కు ఒప్పుకున్నట్టే. అందుకే 342 పెట్టెలు సముద్రంలోకి. ఆ కంపెనీ మనకీ తెలిసినదే. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానాతో ఉత్తర సర్కారులు దాని చేతికొచ్చాయి. నిజాంతో ఒప్పందం మరుసటి ఏడు.

వసపిట్ట: మనవైపు శిస్తు, అటువైపు సుంకం. వసూలు మాత్రం ఇద్దరి దగ్గరా.

నెలవంక: శిస్తు అంటే శ్రీనాథుడే గుర్తొస్తాడు. ‘ఎట్లు చెల్లింతు టంకంబు లేడు నూర్లు’. చిన్నప్పుడు నేను ‘టంకాలు లేడు’ అని చదివి తిట్లు తిన్నాను.

అరసున్న: టంకంబులు + ఏడు. ఆ చాటువు ఆయనదో కాదో గానీ, కృష్ణవేణమ్మ పంట కొనిపోతే పన్ను కట్టలేక ఎండలో నిలబడ్డ కవిసార్వభౌముడు అందులో కళ్ళకి కడతాడు. పై పాదంలో ‘బొడ్డుపల్లెను గొడ్డేఱి మోసపోతి’. గొడ్డు నేలని ఏరుకుని అని నా పాఠం.

లంకపొగాకు: ఏరుకోవడానికి బండి ఱ ఎందుకండీ? అది ఏఱు. గొడ్డుపోయిన ఏరు.

అరసున్న: ఏరు గొడ్డుపోతే వరద ఎక్కడిది మాస్టారూ?

చెరువుగట్టు: నా ప్రశ్న...

వసపిట్ట: మీ ప్రశ్నకి ఇంకో చిక్కుంది. 1776 స్వాతంత్ర్య ప్రకటనలో పన్నుల ఫిర్యాదు ఉన్నచోట ప్రాతినిధ్యం అన్న మాటే లేదు. ‘మా సమ్మతి లేకుండా’ అని ఉంది. పైగా ప్రాతినిధ్యం మీకూ ఉన్నట్టే లెక్క అని లండన్‌లో వాదించినవాళ్ళున్నారు. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లకి సభ్యులు లేరు, వాళ్ళు కట్టడం లేదా అని. ఆ మాట విన్నాక ఎవరికైనా మండదా?

చలిమంట: అంత మండినా 1775 జులైలో రాజుకి ఇంకో విన్నపం పంపారు. అప్పటికి లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి మూడు నెలలు. మూడో జార్జి దాన్ని పుచ్చుకోనే లేదు.

నెలవంక: సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు!

చెరువుగట్టు: అమ్మాయి పరీక్ష రాసొచ్చిందండీ. ‘సమ్మతి లేనిదే’ అని రాసిందట, నా వెనక నుంచి మీ పోస్టులు చదివి. మార్కులు ఇంకా రాలేదు.

అరసున్న: ‘దే’ ఉంచింది, సంతోషం.

లంకపొగాకు: అరసున్నగారూ, గొడ్డేఱి సంగతి తేలలేదు.