మోకాలి గుజ్జు మళ్ళీ పెంచే ఇంజెక్షన్ ఎవరైనా వేయించుకున్నారా?

పర్లాకిమిడి అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా అమ్మకు 61 ఏళ్ళు. కుడి మోకాల్లో గుజ్జు అరిగిందన్నారు. రక్తం తీసి, మెషిన్‌లో తిప్పి, అదే మోకాల్లోకి ఎక్కిస్తే మూడు డోసుల్లో గుజ్జు మళ్ళీ పెరుగుతుందని ఒక క్లినిక్‌లో గట్టిగా చెప్పారు. అమ్మ గాజులు అమ్మేస్తానంటోంది. కణాలను పెరిగేలా చేసే ప్రోటీన్లట, గ్రోత్ ఫ్యాక్టర్లు, వాటిని నెమ్మదిగా వదిలే జెల్ వచ్చిందని వీడియోలో కూడా చూశాను. తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

బరంపురం నుంచి:
అది పీఆర్పీ అమ్మా. మా ఆవిడకి రెండేళ్ళ కిందట వేయించాం. నాలుగు నెలలు హాయిగా నడిచింది, తర్వాత నొప్పి మామూలే. గుజ్జు పెరిగిందని మాకు ఎవరూ స్కాన్ తీసి చూపించలేదు.

జయపూర్ బయోటెక్:
చెల్లెమ్మా, గుజ్జుకి, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు లేవు. చర్మం తెగితే రక్తంతో పాటు మరమ్మతు సరుకంతా అక్కడికి వస్తుంది. గుజ్జుకి ఆ దారే లేదు. అందుకే గ్రోత్ ఫ్యాక్టర్లను బయటినుంచి ఇవ్వాలనుకున్నారు. కానీ కీలులో పోసిన మందు నిలవదు. కీలు పొర దాన్ని కొద్ది గంటల్లో, మహా అయితే కొద్ది రోజుల్లో బయటికి పంపేస్తుంది. కణాలు కొత్త గుజ్జు అల్లాలంటే వారాలు పడుతుంది. అసలు చిక్కు ఇదే.

దాన్ని ఆపడానికే నువ్వు చూసిన జెల్‌లు. ఆపరేషన్‌లో కరిగే కుట్లు వేస్తారు కదా, ఆ రకం పదార్థంతో సన్నటి పూసలు చేసి లోపల మందు పెట్టేవాళ్ళూ ఉన్నారు. నాకు బాగా నచ్చింది అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు 2018లో చూపించిన పద్ధతి. గుజ్జుకి రుణావేశం ఉంటుంది. ఐజీఎఫ్-1 అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ని ధనావేశం ఉన్న అతి సన్నని వాహకాలకు తగిలిస్తే అది లోపలికంటా ఇంకి పట్టుకుంది. ఎలుకల మోకాల్లో దాదాపు 30 రోజులు పనిచేసే మోతాదులో ఉంది. కానీ అవి ఎలుకలు. 2024లో అమెరికాలోనే నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళు గుజ్జు పెంచే మరో రకం పదార్థాన్ని గొర్రెల మీద పరీక్షించారు.

మనుషుల్లో స్ప్రిఫెర్మిన్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ మందును 549 మందిపై పరీక్షించారు. ఆరునెలలకోసారి 100 మైక్రోగ్రాముల కోర్సు తీసుకున్నవాళ్ళకు, మందు లేని ఉత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకంటే రెండేళ్ళకు గుజ్జు 0.05 మిల్లీమీటరు మందంగా ఉంది. నొప్పిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. పీఆర్పీ సంగతి: ఆస్ట్రేలియాలో 288 మందితో చేసి 2021లో ప్రచురించారు. ఏడాది తర్వాత ఉప్పునీటి ఇంజెక్షన్‌కీ దీనికీ నొప్పిలోగానీ గుజ్జులోగానీ గట్టి తేడా కనబడలేదు. కాబట్టి గుజ్జు పెరుగుతుందన్న హామీ మీద గాజులు అమ్మవద్దు.

రాయగడ నుంచి:
అన్నయ్యా, నొప్పి తగ్గితే చాలు కదా? మా నాన్నగారికి తగ్గింది, మళ్ళీ పొలానికి వెళ్తున్నారు.

జయపూర్ బయోటెక్:
తగ్గడం మంచిదే, కాదనను. నొప్పి తగ్గవచ్చని చెప్పి వేస్తే అది ఒక మాట, గుజ్జు పెరుగుతుందని డబ్బు తీసుకోవడం వేరు. మోకాలికి తొడ కండరం బలం కావాలి. ఒక కిలో బరువు తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

పర్లాకిమిడి అమ్మాయి:
ఇవాళ క్లినిక్‌కి వెళ్ళి, గుజ్జు పెరుగుతుందని కాగితం మీద రాసివ్వమన్నాను. రాయలేదు. అమ్మకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే పీట పక్కన పెట్టి కుర్చీ తెచ్చుకుంది. తొడ కండరం వ్యాయామాలు ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు చేయించాలో ఎవరైనా చెప్తారా?